దూరంగా ఉన్న లైనక్స్ మిషన్ టైము ఎలా సరిచేయాలి? మిర్యాలగూడ రైస్ మిల్లు కాంటా ప్రశ్నకు జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకో.

మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. మూడు మిషన్లు. కాంటా గదిలో డెబియన్ నడిచే పాత డెస్క్‌టాప్, ఆఫీసులో ఆల్మాలైనక్స్ సర్వర్ (రెండూ లైనక్స్ రకాలే), గేటు దగ్గర బండి నంబర్లు ఎక్కించే చిన్న కంప్యూటర్ రాస్‌బెర్రీ పై 4. నువ్వు ఉండేది నల్గొండలో, ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచే మిషన్‌లోకి లాగిన్ అయ్యే దారిలో, లోపలికి వెళ్తావు. కాంటా మిషన్‌కు ఆఫీసు సర్వర్ నుంచి టైము ఇద్దామని ఇంకో మిషన్‌ను టైము అడిగే పాత కమాండ్ ఆర్‌డేట్ వాడితే ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వచ్చింది. అప్పుడు కాంటా మిషన్‌లో ఒక క్రాన్ జాబ్ (చెప్పిన వేళకు దానంతట అదే నడిచే పని) పెట్టావు. అది గంటకోసారి రూట్ కీతో (పాస్‌వర్డ్ లేకుండా పూర్తి అధికారంతో లోపలికి పంపే తాళంచెవితో) సర్వర్‌లోకి వెళ్ళి, అక్కడి డేట్ కమాండ్ ఇచ్చిన టైమును తెచ్చి ఇక్కడ పెడుతుంది. అప్పటి నుంచి కాంటా చీటీల మీద టైములు వెనక్కి పోతున్నాయి. సర్వర్ చూస్తే సాయంత్రం 4:00 అయినప్పుడు పొద్దున 10:05 చూపిస్తోంది. గేటు దగ్గరి రాస్‌బెర్రీ పై, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గంటలకు గంటలు వెనక పడుతోంది.

ముందు చేయాల్సింది ఆ క్రాన్ జాబ్ తీసేయడం. ఆ తర్వాత మిల్లులో ఒక్క మిషన్ మాత్రమే బయటి నుంచి టైము తెచ్చుకోవాలి, మిగతా రెండూ దాన్ని అడగాలి. నల్గొండలో కూర్చుని నువ్వు టైము పెట్టే అవసరమే రాకూడదు. కమాండ్ల పేర్లు పలికినట్టే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టు.

సర్వర్ దగ్గర మొదలుపెడదాం. 4:00కు 10:05 అంటే తేడా 5 గంటల 55 నిమిషాలు. ఇది ఒక్క తప్పు కాదు, రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మన దేశపు టైము, ప్రపంచమంతా లెక్కకు వాడే యూటీసీ టైము కంటే 5:30 గంటలు ముందు. అలహాబాద్ పక్కగా పోయే 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశాన్ని బట్టి అలా వచ్చింది. సర్వర్‌లో టైమ్‌జోన్ యూటీసీ మీదే ఉండిపోయింది కాబట్టి 5:30 వెనక చూపిస్తోంది. అది తీసేస్తే మిగిలిన 25 నిమిషాలే అసలు తప్పు.

ఈ రెంటినీ విడదీయకుండా చేయి పెట్టావంటే పని పాడవుతుంది. యూనిక్స్ లోపల గడియారం అంటే 1970 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రి నుంచి లెక్కపెట్టిన సెకన్లు, అంతే. ఇండియా, అమెరికా అనేవి ఆ అంకెకు తెలియవు. టైమ్‌జోన్ అనేది ఆ అంకెను మనకు చూపించేటప్పుడు కలిపే లెక్క. జోన్ తప్పుగా ఉందని తెలియక చాలామంది డేట్ కమాండ్‌తో 5:30 గంటలు ముందుకు జరుపుతారు. స్క్రీన్ మీద టైము సరిగ్గానే కనపడుతుంది. లోపల సెకన్ల లెక్క మాత్రం 19,800 ఎక్కువైపోతుంది. ఆ మిషన్ నుంచి పోయే మెయిళ్ళు, ఇంకో మిషన్‌కు వెళ్ళే ఫైళ్ళు, డేటాబేస్ రికార్డులు అన్నీ భవిష్యత్తు టైముతో పోతాయి. అందుకే ఎప్పుడైనా ముందు డేట్ హైఫన్ యు కొట్టు. అది యూటీసీ చూపిస్తుంది. దానికి ఐదున్నర గంటలు కలిపి ఫోన్‌తో పోల్చు. సరిపోతే గడియారం జోలికి పోవద్దు, జోన్ మారిస్తే చాలు. టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ టైమ్‌జోన్ అని ఏషియా స్లాష్ కోల్‌కతా ఇవ్వు. హైదరాబాద్, ఢిల్లీ పేర్లతో జోన్లు ఉండవు, దేశం మొత్తానికి ఆ ఒక్క పేరే.

దీనికి ఉల్టా కేసు కూడా ఉంది. మిషన్ 5:30 ముందు చూపిస్తే, అది ఎక్కువగా విండోస్, లైనక్స్ రెండూ ఉన్న కంప్యూటర్ అయి ఉంటుంది. మదర్‌బోర్డు మీది గడియారంలో విండోస్ లోకల్ టైము రాస్తుంది, లైనక్స్ దాన్ని యూటీసీ అనుకుని మళ్ళీ ఐదున్నర కలుపుతుంది. నీ మిల్లులో ఆ బాధ లేదు.

ఇప్పుడు చీటీల సంగతి. నువ్వు పంపిన చీటీలో ట్రాక్టర్ ట్రాలీ వడ్లతో కాంటా ఎక్కింది 3:52కు, ఖాళీ ట్రాలీ ఎక్కింది 3:49కి. నిండు బండి కంటే ఖాళీ బండి ముందు తూగినట్టు ఉంది. నువ్వు పంపిన లాగ్‌లో సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ అనే లైన్లు ఉన్నాయి కదా, జవాబు అక్కడే ఉంది. ఆ ప్రోగ్రాంతో డెబియన్ దానంతట అదే ఇంటర్నెట్ నుంచి టైము తెచ్చుకుంటోంది, కాబట్టి నిండు బండి టైము 3:52 సరైనదే. 4:00కు నీ క్రాన్ జాబ్ నడిచింది. సర్వర్ 25 నిమిషాలు వెనక ఉంది కాబట్టి కాంటా మిషన్ 3:35కు పడిపోయింది. మామూలుగా అయితే టైమ్‌సింక్‌డీ, ఎవరో గడియారం మార్చారని కనిపెట్టి వెంటనే మళ్ళీ సరిచేస్తుంది. ఆ టైములో మిల్లులో నెట్ లేదు. దాంతో తప్పు టైము అలాగే ఉండిపోయింది. 4:14కు ఖాళీ ట్రాలీ కాంటా ఎక్కితే చీటీ మీద 3:49 పడింది. రైతు మిల్లులో గడిపింది 22 నిమిషాలు, చీటీ లెక్కలో మైనస్ 3 నిమిషాలు.

ఇంకో సంగతి చూడు. నీ జాబ్ తెచ్చింది డేట్ కమాండ్ రాసిన వాక్యం. ఆ వాక్యం చివర యూటీసీ అని ఉంది కాబట్టి కాంటా మిషన్ దాన్ని సరిగ్గా చదివింది. సర్వర్ జోన్ మార్చాక అక్కడ ఐఎస్‌టీ అని వస్తుంది. ఐఎస్‌టీ అంటే ఇండియాకే కాదు, ఇజ్రాయెల్‌కూ ఐర్లాండ్‌కూ అదే పొట్టి పేరు. టైమును ఇలా వాక్యంగా ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు పంపకూడదు, సెకన్ల అంకెగానే పంపాలి.

ఆర్‌డేట్ ఎందుకు పనిచేయలేదో కూడా చెప్తాను, అది అడిగావు కాబట్టి. ఆర్‌డేట్ వాడేది 1983లో ఆర్‌ఎఫ్‌సీ 868గా (ఇంటర్నెట్ నియమాల పత్రాల్లో 868వదిగా) వచ్చిన టైమ్ ప్రోటోకాల్. పోర్టు 37కు, అంటే అవతలి మిషన్‌లో ఆ సేవకున్న నంబరు తలుపుకు, వెళ్ళి అడిగితే అవతలి మిషన్ 1900 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 32 బిట్ల అంకెగా ఇస్తుంది. యూనిక్స్ లెక్కకూ ఆ లెక్కకూ తేడా 2,208,988,800 సెకన్లు, దాన్ని తీసేసి గడియారంలో పెడుతుంది. పాత యూనిక్స్ మిషన్లలో ఐనెట్‌డీ అనే ప్రోగ్రాం ఈ సేవను తనే అందించేది. ఇప్పటి సిస్టమ్‌లలో దాన్ని ఎవరూ తెరిచి ఉంచరు. పోర్టు 37 మీద వినేవాళ్ళు లేరు కాబట్టే నీకు ‘రిఫ్యూజ్డ్’ వచ్చింది. నీ ఫైర్‌వాల్‌లో తప్పేమీ లేదు. దాన్ని మళ్ళీ తెరవాలని చూడొద్దు. అది ఇచ్చేది పూర్తి సెకన్లే, దారిలో ఎంత ఆలస్యమైందో దానికి తెలియదు, పైగా ఆ 32 బిట్ల అంకె 2036 ఫిబ్రవరి 7తో నిండిపోతుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌తో టైము పెట్టడం పూర్తిగా తప్పని చెప్పను. ఇంకేదీ కుదరని చోట, ఒక్కసారికి, అది పనికొస్తుంది. చేసే పద్ధతి మాత్రం తెలిసి ఉండాలి. నీ ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్ రాసి, దాని లోపలే నీ డేట్ ప్లస్ పర్సంట్ ఎస్ అంకెను (అదే సెకన్ల అంకె) ఇరికించి అవతలి మిషన్‌కు నెట్టావనుకో. ఆ అంకెను నీ షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రాం), కనెక్షన్ మొదలవకముందే లెక్కపెట్టేస్తుంది. తర్వాత కీల మార్పిడి, లాగిన్ అన్నీ అయ్యేసరికి, సిగ్నల్ సరిగ్గా లేని మొబైల్ నెట్ మీద అయితే, ఒకటి రెండు సెకన్లు పోతాయి. ఆ పాత అంకె అక్కడ పెట్టబడుతుంది. అదే తప్పు టైమున్న మిషన్‌లోకి వెళ్ళి అక్కడి నుంచి మంచి మిషన్‌ను అడిగితే, లాగిన్ పూర్తయ్యాకే అవతల డేట్ నడుస్తుంది. తిరిగి వచ్చే ఆలస్యం ఒక్కటే మిగులుతుంది. కాబట్టి నెట్టడం కన్నా లాక్కోవడం మేలు. వచ్చిన అంకె ముందు ఎట్ గుర్తు పెట్టి డేట్ హైఫన్ ఎస్‌కు ఇస్తే లైనక్స్ దాన్ని సెకన్లుగా తీసుకుంటుంది, జోన్ గొడవ ఉండదు. చివర హెచ్‌డబ్ల్యూక్లాక్ హైఫన్ డబ్ల్యూ కొట్టి మదర్‌బోర్డు గడియారంలోకి కూడా ఎక్కించు.

కానీ దాన్ని క్రాన్‌లో పెట్టకూడదు. ఒక కారణం నీ చీటీలే. రెండోది, నాకు ఇంకా భయం వేసింది, ఆ రూట్ కీ. కాంటా గదిలో రోజుకు ఎంతమంది తిరుగుతారో నీకు తెలుసు. డ్రైవర్లు, హమాలీలు, కమీషన్ వాళ్ళు అందరూ ఆ టేబుల్ ముందే నిలబడతారు. ఆ డెస్క్‌టాప్ ఎవరి చేతికైనా చిక్కితే పాస్‌వర్డ్ లేకుండా మొత్తం లెక్కలున్న సర్వర్‌లోకి రూట్‌గా వెళ్ళిపోతారు. టైము కోసం అంత తలుపు తెరవడం ఏ మిల్లుకూ మంచిది కాదు. ఈరోజే సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లోంచి ఆ కీ తీసేయ్.

ఇప్పుడు సరైన దారి. ఎన్‌టీపీ గురించి విని ఉంటావు. నెట్ మీద మిషన్ల గడియారాలు కలపడానికి, తర్వాత డెలావేర్ యూనివర్సిటీలో పనిచేసిన డేవిడ్ మిల్స్ తయారుచేసిన ప్రోటోకాల్, మొదటి ఆర్‌ఎఫ్‌సీ 1985లో వచ్చింది, ఇప్పుడు నడిచే నాలుగో వెర్షన్ 2010 నాటిది. మిల్స్ 2024 జనవరిలో పోయారు. ఈ ప్రపంచంలో ఏ సర్వర్ లాగ్ తీసినా ఆయన పని అందులో ఉంటుంది.

ఆర్‌డేట్ చేయలేనిది ఎన్‌టీపీ ఎలా చేస్తుందో అంకెల్లో చూడు. కాంటా మిషన్ తన గడియారంలో 10:00:00.000కు ప్రశ్న పంపింది. టైము సర్వర్ తన గడియారంలో 10:00:03.040కి అందుకుంది, 10:00:03.041కి జవాబు వదిలింది. కాంటా మిషన్‌కు అది తన 10:00:00.081కి చేరింది. ఈ నాలుగు ముద్రలు చాలు. పోయేటప్పుడు తేడా 3.040, వచ్చేటప్పుడు తేడా 2.960. రెంటి సగటు సరిగ్గా 3 సెకన్లు, అంటే కాంటా మిషన్ అంత వెనక ఉంది. దారిలో పట్టింది 80 మిల్లీసెకన్లు. పోయే దారి, వచ్చే దారి సమానంగా లేకపోయినా తప్పు అందులో సగాన్ని, అంటే 40 మిల్లీసెకన్లను మించదు. మీ నెట్ ఎంత నెమ్మదైనా ఆలస్యం లెక్కలోకి వచ్చేస్తుంది. వడ్ల కాంటాకు ఇంతకన్నా అవసరం లేదు.

ఆల్మాలైనక్స్‌లో ఈ పని చేసే క్రోనీ మామూలుగా ముందే ఉంటుంది. అదే రూటర్ వెనక ఉన్న కాంటా మిషన్‌కు నెట్ ఉన్నప్పుడు టైము అందుతోంది కాబట్టి, బయటికి పోయే యూడీపీ 123ను (ఎన్‌టీపీ వాడే దారిని) రూటర్ ఆపట్లేదు. అంటే సర్వర్‌లో క్రోనీడీనే (క్రోనీ ప్రోగ్రాంనే) ఎవరో ఆపేసి ఉంటారు. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌తో చూడు. 25 నిమిషాలు ఎలా పేరుకుందంటే, ఒకప్పుడు చేత్తో తప్పు పెట్టి ఉండాలి, లేదా ఏళ్ళ తరబడి జారి ఉండాలి. మిలియన్‌కు 20 వంతుల తప్పున్న క్రిస్టల్ రోజుకు 1.7 సెకన్లు జారుతుంది. అది కంప్యూటర్లకు మామూలే.

సర్వర్‌లో క్రోనీ కాన్ఫిగ్ ఫైల్ తెరిచి ఉన్న పూల్ లైను (టైము సర్వర్ల గుంపు పేరు) పక్కన మన దేశపు సర్వర్లు చేర్చు. ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ళవి సమయ్1 డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్, సమయ్2 డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల (ఎన్‌పీఎల్) వాళ్ళది టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఓఆర్‌జీ. భారత ప్రామాణిక కాలాన్ని పరమాణు గడియారాలతో నిలబెట్టేది ఆ ప్రయోగశాలే. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటర్ల గడియారాలను ఈ ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ సర్వర్లతో గానీ, వాటికి ముడిపడిన సర్వర్లతో గానీ కలపాలని ఉంది. ప్రతి లైను చివర ఐబర్స్ట్ అని పెట్టు, మొదటిసారి తొందరగా కలుస్తుంది. కనీసం మూడు సోర్సులు ఉండాలి, నాలుగైతే ఇంకా నయం. రెండే ఉంటే, అవి రెండు వేరు టైములు చెప్పినప్పుడు ఎవరిది నిజమో క్రోనీకి తేల్చుకోవడానికి దారి ఉండదు. గూగుల్ టైము సర్వర్లను వీటితో కలపొద్దు. లీప్ సెకన్ (భూమి తిరుగుడుతో కలపడానికి యూటీసీకి అప్పుడప్పుడు చేర్చే సెకన్) వచ్చినప్పుడు అవి ఆ సెకన్‌ను గంటల మీద పరిచి ఇస్తాయి, మిగతావి ఒక్కసారిగా ఇస్తాయి. చివరి లీప్ సెకన్ 2016 డిసెంబర్ 31 యూటీసీకి వచ్చింది, మనకు 2017 జనవరి 1 పొద్దున ఐదున్నరకు ముందు.

అదే ఫైల్‌లో ఇంకో నాలుగు లైన్లు చూసుకో. మేక్‌స్టెప్ 1.0 3 అంటే మొదటి మూడు కొలతల్లో తేడా సెకన్ దాటితే ఒక్కసారి దూకించు, ఆ తర్వాత ఎప్పుడూ దూకించకు అని. ఆర్‌టీసీసింక్ ఉంటే కర్నెల్ 11 నిమిషాలకోసారి మదర్‌బోర్డు గడియారాన్ని కూడా సరిచేస్తుంది. అలౌ 192.168.1.0/24 అంటే మిల్లు లోపలి మిషన్లు అడగొచ్చని. మీ లోపలి నెట్‌వర్క్ అంకెలు వేరైతే అవి రాయి. లోకల్ స్ట్రాటమ్ 10 అంటే నెట్ పోయినా సర్వర్ తన దగ్గరున్న టైమును లోపలి వాళ్ళకు ఇస్తూనే ఉంటుంది. నీ మిల్లుకు ఈ చివరి లైను చాలా ముఖ్యం. నెట్ పోయినప్పుడు మూడు మిషన్లూ కలిసి అర సెకను జారినా చీటీలకు నష్టం లేదు. ఒక్కొక్కటి ఒక్కో దారిన పోతేనే కొట్లాట. ఫైర్‌వాల్‌డీలో ఎన్‌టీపీ సర్వీస్‌ను లోపలి జోన్‌కు మాత్రమే తెరువు.

మొదటిసారి క్రోనీ మొదలుపెట్టగానే సర్వర్ 25 నిమిషాలు ముందుకు దూకుతుంది. ముందుకు దూకడం పెద్ద ప్రమాదం కాదు, అయినా రాత్రి ఆఖరి బండి పోయాక, లెక్కల ప్రోగ్రాం ఆపి చెయ్యి. ఆపేముందు ఒక పని తప్పకుండా చేయాలి. సర్వర్ టైము, అసలు టైము పక్కపక్కన ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, మిల్లు యజమాని సంతకం పెట్టించి ఫైల్‌లో పెట్టు. ఇన్నాళ్ళ రికార్డులు 25 నిమిషాలు వెనక ఉన్నాయని ఆ కాగితం చెప్తుంది. రేపు ఏ రైతో, ఏ లారీ ఓనరో పాత చీటీ పట్టుకుని వస్తే లెక్క తేల్చడానికి అదే ఆధారం. పాత రికార్డుల్లో టైములు దిద్దడం మాత్రం ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు.

కాంటా మిషన్‌లో టైమ్‌సింక్‌డీ బదులు క్రోనీ వేయమని నా సలహా. డెబియన్‌లో క్రోనీ ఇన్‌స్టాల్ చేస్తే టైమ్‌సింక్‌డీని అది తీసేస్తుంది, ఒక గడియారాన్ని ఇద్దరు తిప్పే పరిస్థితి రాదు. టైమ్‌సింక్‌డీ మంచిదే, కానీ తేడా 0.4 సెకన్లు దాటితే దూకిస్తుంది. వెనక్కైనా సరే. చీటీలు కొట్టే మిషన్‌లో టైము ఎప్పుడూ వెనక్కి పోకూడదు. క్రోనీ అయితే మొదటి మూడు కొలతలు దాటాక, గడియారం ముందు ఉన్నా దాన్ని వెనక్కి తిప్పదు, సెకన్ల నడకను కొంచెం నెమ్మదింపజేసి అసలు టైము వచ్చి కలిసేదాకా ఆగుతుంది. ప్రతి చీటీ దాని ముందు చీటీ తర్వాతే ఉంటుంది. పాత ఎన్‌టీపీ ప్రోగ్రాం ఎన్‌టీపీడీ ఈ సర్దుబాటును మిలియన్‌కు 500 వంతుల కన్నా వేగంగా చేయదు. ఒక్క సెకను సర్దడానికే 33 నిమిషాలు పైన పడుతుంది. క్రోనీ అవసరమైతే గడియారం నడకను పన్నెండో వంతు దాకా మార్చగలదు, ఐదు నిమిషాల తేడాను గంటలో సర్దగలదు. మన ఊళ్ళలో నెట్ వచ్చి పోయే చోట్లకు నేను క్రోనీనే ఎంచుకోవడానికి ఇది పెద్ద కారణం.

కాంటా క్రోనీ ఫైల్‌లో బయటి పూల్ లైన్లు తీసేసి ఆఫీసు సర్వర్ ఐపీ ఒక్కటే ఇవ్వు. ఇందాక మూడు సోర్సులు కావాలన్నాను కదా, అది బయటి ప్రపంచంతో మాట్లాడే మిషన్‌కు. లోపల మనకు కావాల్సింది అందరూ ఒకే మాట మీద ఉండటం. కాంటా ప్రోగ్రాంను సిస్టమ్‌డీ సర్వీస్‌గా నడుపుతున్నావు కాబట్టి, దాని యూనిట్ ఫైల్‌లో టైమ్ సింక్ టార్గెట్ తర్వాతే మొదలవ్వాలని రాసి, క్రోనీ వెయిట్ సర్వీస్‌ను ఎనేబుల్ చెయ్యి. కరెంటు వచ్చి మిషన్ లేచాక, టైము కలిసిన తర్వాతే మొదటి చీటీ వస్తుంది. ఒకవేళ సర్వర్ దొరక్కపోతే ఆ వెయిట్ సర్వీస్ మూడు నిమిషాలు చూసి వదిలేస్తుంది, ఆ వదిలేసినప్పుడు కాంటా మొదలవ్వాలా వద్దా అన్నది మిల్లు వాళ్ళను అడిగి నిర్ణయించు. సీజన్‌లో గేటు బయట ట్రాక్టర్ల వరస ఉన్నప్పుడు కాంటా ఆపడం వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.

ఆ పాత డెస్క్‌టాప్ బ్యాటరీ కూడా మార్పించు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళ లాంటి సీఆర్2032, 3 వోల్టులది. అది చచ్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ మిషన్ పాత తేదీతో లేస్తుంది. తేదీ పాతదైతే ఈ-వే బిల్లు సైటు కూడా తెరుచుకోదు. సైటు సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదని బ్రౌజర్ అనుకుంటుంది. అలాంటి కంప్లైంట్ వస్తే నేను నెట్ కంటే ముందు తేదీ చూస్తాను.

ఇక గేటు దగ్గరి రాస్‌బెర్రీ పై. రాస్‌బెర్రీ పై 4లో బ్యాటరీతో నడిచే గడియారమే లేదు, పై 5తోనే వచ్చింది, అక్కడా బ్యాటరీ వేరుగా కొనాలి. మరి ఆఫ్ అయి లేచాక 1970కి పోకుండా ఎందుకుంటుందంటే, ఆఖరుగా చూసిన టైమును డిస్క్ మీద రాసుకుని, లేవగానే అక్కడి నుంచి మొదలుపెడుతుంది. మూడు గంటలు కరెంటు లేకపోతే కనీసం ఆ మూడు గంటలు వెనక లేస్తుంది. నెట్ దొరికేదాకా అంతే. నీకు కనపడుతున్నది ఇదే. ఆఫీసు సర్వర్ యూపీఎస్ మీద ఉండి, రాస్‌బెర్రీ పై దాన్ని అడిగేటట్టు టైమ్‌సింక్‌డీ కాన్ఫిగ్‌లో ఎన్‌టీపీ దగ్గర సర్వర్ ఐపీ రాస్తే, లేచిన కొన్ని సెకన్లలో సరి అవుతుంది. మధ్యలో ఉన్న స్విచ్ కూడా యూపీఎస్ మీదే ఉండాలి. సర్వర్‌కు కరెంటు ఉండి స్విచ్‌కు లేకపోతే లాభం లేదు.

దానితో పాటు ఒక డీఎస్3231 గడియారం మాడ్యూల్ కొని పెట్టు. చౌకగా వచ్చే డీఎస్1307 తీసుకోవద్దు. కారణం మన ఎండలు. ఈ గడియారాల్లో ఉండే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేటట్టు చేస్తారు. వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది, అదీ వేడి తేడా రెట్టింపైతే నాలుగు రెట్లు. మే నెలలో మన నల్గొండ వైపు 45 డిగ్రీలు మామూలే. 20 డిగ్రీల తేడాకు రోజుకు సెకను పైన వెనక పడుతుంది. రేకుల గేటు గదిలో, ప్లాస్టిక్ డబ్బాలో 60 డిగ్రీలకు పోతే రోజుకు మూడున్నర సెకన్లు. డీఎస్3231 లోపల వేడిని తనే కొలుచుకుని సరిచేసుకుంటుంది, 85 డిగ్రీల దాకా మిలియన్‌కు 3.5 వంతులు దాటదు, అంటే రోజుకు సెకనులో మూడో వంతు కూడా కాదు. రాస్‌బెర్రీ పై కాన్ఫిగ్ ఫైల్‌లో ఈ మాడ్యూల్‌ను గుర్తుపట్టించే ఐటూసీ ఆర్‌టీసీ ఓవర్‌లే లైను చేర్చి, ఆఖరి టైమును డిస్క్ మీద దాచే ఫేక్ హెచ్‌డబ్ల్యూక్లాక్ ప్యాకేజీ ఉంటే తీసేయ్.

నీ మిల్లులో అవసరం లేదు కానీ, పాలమూరు వైపు నేను చూసే ఒక జిన్నింగ్ మిల్లులో నెట్ ఇచ్చినవాళ్ళు యూడీపీ 123ను పూర్తిగా ఆపేశారు. అలాంటి చోట మంచి వెబ్‌సైట్ ఒకదాన్ని కర్ల్ కమాండ్‌తో హెడర్లు మాత్రమే అడిగితే, అందులో డేట్ అనే లైను జీఎంటీలో వస్తుంది. దాన్ని డేట్ హైఫన్ ఎస్‌కు ఇస్తే సెకను అటూ ఇటూగా సరిపోతుంది. రోజూ వాడేది కాదు, మిషన్ ఏళ్ళు వెనక ఉన్నప్పుడు లేపడానికి. శాశ్వతంగా కావాలంటే పీపీఎస్ పిన్ను (సెకనుకో సంకేతం ఇచ్చేది) ఉన్న జీపీఎస్ మాడ్యూల్‌ను ఒక రాస్‌బెర్రీ పైకి తగిలించి, యాంటెన్నా ఆకాశం కనపడేచోట పెడితే నెట్‌తో పని లేకుండా లోపల అందరికీ అదే టైము ఇస్తుంది.

అంతా అయ్యాక చూసుకోవడం ఇలా. సర్వర్‌లో క్రోనీసీ సోర్సెస్ కొట్టు. ఏదో ఒక లైను ముందు టోపీ గుర్తు, నక్షత్రం పక్కపక్కన ఉండాలి, ప్రస్తుతం దాన్ని అనుసరిస్తోందని అర్థం. రీచ్ అనే గడిలో 377 రావాలి. అది 0 నుంచి 7 దాకా అంకెలే వాడే ఆక్టల్ లెక్కలో రాసినది, ఆఖరి ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చిందని దాని అర్థం. మొదలైన కాసేపు 1, 3, 7, 17 అని పెరుగుతూ పోతుంది, కంగారు పడకు. 0 దగ్గరే ఆగిపోతే ప్యాకెట్లు పోవట్లేదు. తర్వాత క్రోనీసీ ట్రాకింగ్ కొట్టి, సిస్టమ్ టైమ్ లైనులో తేడా ఎంతుందో, లీప్ స్టేటస్ నార్మల్ అని ఉందో లేదో చూడు. కాంటా మిషన్‌లోనూ అదే చెయ్యి, అక్కడ రిఫరెన్స్‌గా ఆఫీసు సర్వర్ ఐపీ కనపడాలి. చివరిగా పగటిపూట నెట్ కేబుల్ ఒక గంట పీకి, ఆ గంటలో నిండు బండి, ఖాళీ బండి చీటీలు రెండూ తీసి చూడు. ఆ చీటీల ఫొటోలు, మూడు మిషన్ల ట్రాకింగ్ అవుట్‌పుట్ నాకు పంపు. రాస్‌బెర్రీ పైలో టైమ్‌సింక్‌డీ ఉంటుంది కాబట్టి అక్కడ ట్రాకింగ్ బదులు టైమ్‌డేట్‌సీటీఎల్ టైమ్‌సింక్ స్టేటస్ కొట్టాలి.